కాకడు పోయొచ్చినం: మొసళ్లు, రాతి బొమ్మలు, యురేనియం లొల్లి

జూన్ 28, శనివారం – డార్విన్

మెల్‌బోర్న్‌ల ఎక్కేటప్పుడు స్వెట్టర్ మీద జాకెట్, డార్విన్‌ల దిగంగనే రెండూ విప్పి బ్యాగుల కుక్కినం. ఆస్ట్రేలియాల జూన్ చలికాలం, అయినా ఇక్కడ ముప్పై డిగ్రీలు. మా బామ్మర్ది ప్రవీణ్ రీజనల్ వీసా మీద వచ్చి ఇక్కడే ఏజ్డ్ కేర్‌ల, అంటే ముసలోళ్లను చూసుకునే పని చేస్తున్నడు. ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి కాదు, సీదా పారాప్ మార్కెట్‌కు తీస్కపోయిండు. "శనివారం పొద్దున పారాప్‌ల లక్సా తినకపోతే డార్విన్ వచ్చినట్టే కాదు బావా" అని. కొబ్బరిపాల పులుసు, అందుల సేమ్యా లాంటి నూడుల్స్, టోఫు, పైన పచ్చి మొలకలు, ఒక్క గిన్నె 16 డాలర్లు. పొద్దు పొద్దున్నే కారానికి ముక్కు కారుతున్నది, అయినా ఎవ్వరూ ఆపుతలేరు. బండి మీద ఉన్న పెద్దామె మా మొఖాలు చూసి అడగకుండనే ఇంకో చెంచా ఎర్రకారం వేసింది.

కాకడు అంటే ఆస్ట్రేలియా ఉత్తరాన, డార్విన్ ఉన్న నార్తర్న్ టెరిటరీలనే ఒక నేషనల్ పార్క్. ఆడికెందుకు అని అందరూ అడిగిండ్రు, ప్రవీణ్ అయితే "గడ్డి, దోమలు, మొసళ్లు తప్ప ఏమున్నది బావా ఆడ" అన్నడు. మాది అచ్చంపేట. 2019ల అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌ల 83 చదరపు కిలోమీటర్లు యురేనియం కోసం తవ్వి చూస్తమంటే మా దిక్కు ఎంత లొల్లి అయిందో గుర్తుండే ఉంటది, బంద్‌లు, ధర్నాలు, ఆఖరికి సెప్టెంబర్‌ల తెలంగాణ అసెంబ్లీ కూడా వద్దని తీర్మానం చేసింది. అప్పటికే నేను మెల్‌బోర్న్‌ల ఉన్న, వాట్సాప్ వీడియోలు చూసుడు తప్ప ఏం చేయలే. ఆ టైంల ఇంటర్నెట్‌ల వెతుకుతుంటే జబిలుకా అని ఒక పేరు తగిలింది, ఇదే ఆస్ట్రేలియాల, ఇదే యురేనియం, గని తవ్వనియ్యని అబొరిజినల్ వాళ్లు, అంటే ఇక్కడి ఆదివాసీలు. అప్పటి నుంచి మనసుల ఉన్నది. మా ఆవిడ శిరీషకు మాత్రం మొసళ్లు కావాలె. సరే, రెండూ ఒక్క దగ్గర్నే దొరుకుతయి.

జూన్ 29, ఆదివారం – ఆర్నెమ్ హైవే, జబిరు

హంప్టీ డూ అనే ఊరు దాటినంక రోడ్డు రెండు దిక్కులా పొగ. ఎక్కడ చూసినా గడ్డి కాలుతున్నది, ఫైరింజన్ లేదు, ఎవలూ ఉరుకుతలేరు. తర్వాత బొవాలి విజిటర్ సెంటర్‌ల రేంజర్ చెప్పింది, వాళ్లే పెట్టిన నిప్పు అది. ఇక్కడోళ్లకు ఏడాదికి ఆరు కాలాలు, ఇప్పుడు నడిచేది వుర్గెంగ్, చలికాలం. ఈ కాలంల గడ్డి ఇంకా కొంచెం పచ్చిగ ఉంటది కాబట్టి మంట మోకాలు ఎత్తు దాటదు, చెట్లకు ఏం కాదు. ఇప్పుడు కాల్చకపోతే ఎండలు ముదిరినంక అంటుకుంటే మొత్తం అడవి బూడిద. మంట అంచుల మీద గద్దలు గుంపులుగా తిరుగుతున్నయి, బయటికి ఉరికే మిడతల కోసం. మా దిక్కు చెంచులు అడవిల అగ్గిపెట్టె తీస్తే ఫారెస్టోళ్లు కేసు రాస్తరు, ఇక్కడ అదే పనికి జీతం ఇచ్చి రేంజర్‌గా పెట్టుకున్నరు.

పార్క్ పాస్ ఒక్కొక్కరికి 40 డాలర్లు, ఏడు రోజులు నడుస్తది. పార్క్ అంటే మామూలుది కాదు, దగ్గర దగ్గర 20,000 చదరపు కిలోమీటర్లు. మన పాత మహబూబ్‌నగర్ జిల్లా మొత్తం పట్టినా ఇంకా జాగ మిగులుతది.

జబిరుల క్యాబిన్ రాత్రికి 240, అది కూడా ముందే తీసుకుంటే. సూపర్ మార్కెట్‌ల కిలో టమాటలు పదకొండు డాలర్లు అని చూసి శిరీష నాలుగే కొన్నది. క్యాంప్ కిచెన్‌ల ప్రవీణ్ పప్పు పెడుతుంటే పక్క పొయ్యి మీద సాసేజ్‌లు కాల్చుకునే క్వీన్స్‌లాండ్ పెద్దమనిషి పోపు వాసనకు లేచి వచ్చిండు, ఒక గరిటె తిన్నడు, తన భార్యను కూడా పిల్చుకొచ్చిండు. వాళ్లిద్దరు రిటైరై క్యారవాన్‌ల దేశం చుట్టూ తిరుగుతున్నరట.

ఊరు చూస్తే వింతగ ఉంటది. వెడల్పు రోడ్లు, స్విమ్మింగ్ పూల్, చెరువు (దిగొద్దు, మొసలి), మొసలి ఆకారంల కట్టిన హోటల్, కానీ సగం ఇండ్లకు మనుషులు కనపడరు. ఇది 1980లల్ల రేంజర్ అనే పేరున్న యురేనియం గని కోసం కట్టిన ఊరు. 2021 జనవరిల గని బంద్ అయింది, అదే ఏడు జూన్‌ల ఊరిని ఇక్కడి మిరార్ అనే తెగోళ్లకు అప్పజెప్పిండ్రు. సింగరేణి క్వార్టర్లను గని మూసినంక గూడెపోళ్ల చేతిల పెట్టినట్టు అనుకోండి.

జూన్ 30, సోమవారం – కాహిల్స్ క్రాసింగ్, ఉబిర్

ఈస్ట్ అలిగేటర్ నది మీద కాహిల్స్ క్రాసింగ్ అని ఒక మత్తడి లాంటి రోడ్డు. అవతల ఒడ్డు ఆర్నెమ్ ల్యాండ్, ఆదివాసీల సొంత జాగ. పర్మిట్ లేకుండ అటు పోవుడు నేరం, ఆ పర్మిట్ ఇచ్చేది కూడా అక్కడి జమీన్ కలిగినోళ్ల తరఫున నార్తర్న్ ల్యాండ్ కౌన్సిల్. పోటు వచ్చినప్పుడు నీళ్లు రోడ్డు మీంచి వెనక్కి పారుతయి, చేపలు కొట్టుకొస్తయి, మొసళ్లు నోరు తెరిచి వరుసగా నిలబడతయి. శిరీష లెక్కపెట్టుడు మొదలుపెట్టి పదిహేను దాటినంక ఆపేసింది. మా కండ్ల ముందే ఒక పికప్ ట్రక్ ఇంజన్ సగం మునిగేదాక వచ్చి, కాసేపు ఆగి, దాటేసింది. ఇటు పక్కనున్న జనం చప్పట్లు.

గులుయాంబి అనే పడవ టూర్ ఎక్కినం, తలకు తొంభై డాలర్ల పైనే. నడిపేది ఇక్కడి బినింజ్ పిలగాడు. బినింజ్ అంటే ఉత్తర కాకడు ఆదివాసీలు తమను తాము పిల్చుకునే పేరు. అవతల ఒడ్డున కొంచెంసేపు దించి ఈటె విసిరి చూపించిండు, కర్ర కొసకు ఈటె ఆనించి విసిరితే నది అవతలి ఒడ్డుకు పోయి పడ్డది. ఒకామె ఒక గుట్టను చూపించి దాని కథేంది అని అడిగింది. పిలగాడు నవ్విండు. "అది మా జాగ కాదు, మా మేనమామోళ్లది, ఆ కథ నేను చెప్పొద్దు" అన్నడు. ఆమె ఇంకోసారి అడిగింది, ఆయన మళ్లీ నవ్వి పడవ స్టార్ట్ చేసిండు. అంతే.

అప్పుడు పెద్దగ పట్టించుకోలేదు గాని, చట్టం మొత్తం ఈ మాట మీదనే నిలబడ్డది. నార్తర్న్ టెరిటరీల అబొరిజినల్ భూహక్కుల చట్టం 1976ల వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఒక జాగకు అసలు మనుషులెవరు అంటే ఆ జాగ మీద ఆధ్యాత్మిక బాధ్యత ఉన్న వంశం. గని కంపెనీ వస్తే ల్యాండ్ కౌన్సిల్ ఆఫీసర్లు సంతకం పెడితే సరిపోదు, ముందు ఆ వంశపోళ్లకు విషయం అర్థం కావాలె, వాళ్లు ఒప్పుకోవాలె. పక్క వంశపోడు ఎంత పెద్దోడైనా వాళ్ల తరఫున మాట్లాడొద్దు. చెప్పొద్దంటే చెప్పొద్దన్న ఆ పిలగాని పద్ధతే చట్టంల సెక్షన్ అయి కూర్చున్నది.

సాయంత్రం ఉబిర్. రాళ్ల మీద ఎక్స్‌రే బొమ్మలు, చేప గీస్తే దాని ముల్లు, లోపలి పేగులు కూడా కనపడేటట్టు గీసిండ్రు. అది బారాముండి, అంటే మన పండుగప్పే. పైన ఎక్కడో అందనంత ఎత్తుల ఒక చారల జంతువు బొమ్మ, టాస్మేనియన్ టైగర్. ఆ జంతువు ఈ ఖండం మీద అంతరించి వేల ఏండ్లయింది, ఎవరో దాన్ని చూసి గీసిండ్రు. ఈ చుట్టుపక్కలనే మజెడ్‌బెబె అనే రాతిగుహల 65,000 ఏండ్ల కింద మనుషులున్నట్టు 2017ల పరిశోధకులు ప్రకటించిండ్రు. ఆ గుహ ఎక్కడున్నది? జబిలుకా గని కోసం లీజుకిచ్చిన జాగ లోపల.

గుట్టెక్కి సూర్యాస్తమయం చూసినం, కింద పచ్చటి మైదానం, వంద మంది దాక జనం, సగం మంది ఫోన్ల వెనకే. దోమలు మాత్రం ప్రవీణ్ చెప్పినంత ఉన్నయి.

జులై 1, మంగళవారం – రేంజర్ గని, బుర్రుంకుయ్

ఇవ్వాళ టెరిటరీ డే. 1978ల ఇదే రోజు టెరిటరీకి స్వపరిపాలన వచ్చింది, దాని పేరు మీద డార్విన్‌ల జనం ఏడాదికి ఒక్కరోజు పటాకులు కాల్చుకోవచ్చు. అది మిస్ అయితున్నదని ప్రవీణ్ పొద్దటి నుంచి మూతి ముడుచుకున్నడు. "మనకు దీపావళి మళ్లొస్తది, ఇది రాదక్కా" అని శిరీషకు ఫిర్యాదు.

చిన్న విమానంల అరగంట టూర్ బుక్ చేసినం, ఒక్కొక్కరికి 200 దాక. ఎయిర్‌స్ట్రిప్‌కు పోతుంటే ఫోన్ మ్యాప్ ఎటో తిప్పి ఒక గేటు ముందల నిలబెట్టింది. కంచె, బోర్డులు, లోపల సెక్యూరిటీ జీపు. రేంజర్ గని. సెక్యూరిటీ ఆమె అద్దం దించి "ఎయిర్‌పోర్ట్ కదా? రోజూ ఎవరో ఒకరు వస్తరు" అని దారి చూపెట్టింది.

పైనుంచి చూస్తే అంతా తెలిసిపోయింది. నలుదిక్కులా పచ్చని అడవి, మధ్యల 79 చదరపు కిలోమీటర్ల లీజు. మట్టి రంగు గుంతలు, నీళ్ల చెరువులు, పక్క పొంటి మగేలా వాగు. నేషనల్ పార్క్ చుట్టూ ఉంటది, గని మాత్రం పార్క్ కాదు, కాగితం మీద కత్తిరించి బయట పెట్టిండ్రు. ఒక గుంత పూడ్చి మొక్కలు నాటిండ్రు, అవి పైనుంచి గీతలు గీతలుగా కనపడుతున్నయి. ఇంకో దాంట్ల పని నడుస్తున్నది. లోపల పూడ్చిన యురేనియం వ్యర్థాలు 10,000 ఏండ్ల దాక బయటికి రాకుండ ఉండాలె అని షరతు. ఖర్చు 2 బిలియన్ డాలర్లు దాటింది. పదివేల ఏండ్ల తర్వాత చెక్ చేసేది ఎవరు అని అడుగుతే పైలట్ హెడ్‌సెట్‌ల "మై జాబ్ కాదు మేట్" అన్నడు.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది, ఇది చెప్పకపోతే కాకడు కథ సగమే. నిన్న చెప్పిన 1976 చట్టంల ఆదివాసీలు వద్దంటే గని ఆగుతది. కానీ అదే చట్టంల రేంజర్ ఒక్క దానికి మాత్రం వాళ్ల ఒప్పుదల అక్కర్లేదని రాసిండ్రు. పేరు పెట్టి మరీ. అంతకు ముందు ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్ కూడా మిరార్ వాళ్లు వద్దంటున్నరని రాసుకున్నది, రాసుకోని, ఈ విషయంల వాళ్ల మాట నెగ్గనివ్వుడు సరికాదని తేల్చింది. అంటే అడిగిండ్రు, విన్నరు, రికార్డ్ చేసిండ్రు, గని తవ్విండ్రు. నలభై ఏండ్లు నడిచింది. 2011ల జపాన్‌ల ఫుకుషిమా అణు ప్రమాదమైనంక మిరార్ పెద్ద ఇవాన్ మార్గరూలా ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్‌కు ఉత్తరం రాసింది, మా జాగల నుంచి పోయిన యురేనియం ఆ ప్రమాదంల ఉండొచ్చు, మాకు బాధగున్నది అని. వద్దన్నోళ్లే బాధపడ్డరు, తవ్వినోళ్ల ఉత్తరం నాకైతే ఎక్కడా కనపడలే.

విమానం ఉత్తరానికి తిరిగితే జబిలుకా లోయ. ఇక్కడ ఏమీ కనపడదు, రాళ్లు, చెట్లు, అంతే. కనపడకపోవుడే విశేషం. 1998ల ఇక్కడ గని మొదలుపెడుతుంటే మార్గరూలా, జాకీ కటోనా పిలుపు మీద దేశం నలుమూలల నుంచి వేల మంది వచ్చి ఎనిమిది నెలలు అడ్డం కూర్చున్నరు, 500 మందికి పైగా అరెస్ట్. మార్గరూలాను కూడా అరెస్ట్ చేసిండ్రు, కేసు ఏందంటే అక్రమ ప్రవేశం. తన తాతల జాగల తను అడుగు పెట్టినందుకు! ఆఖరికి 2005ల కంపెనీ రాసిచ్చింది, మిరార్ ఒప్పుకోకుండ తవ్వం అని. 2024 జులైల ప్రభుత్వం లీజు రెన్యూవల్ చెయ్యం అని చెప్పింది, కంపెనీ కోర్టుకెక్కింది.

పొద్దుగూకే ముందర బుర్రుంకుయ్ పోయినం, పాత మ్యాపుల్ల నూర్లంజీ అని ఉంటది. రాతి గోడ మీద నమర్‌గోన్, మెరుపుల దేవుడు. మోకాళ్లకు, మోచేతులకు రాతి గొడ్డళ్లు, వాటిని మబ్బులకు కొడుతే ఉరుములు, మెరుపులు. తల చుట్టూ ఒక చేతి నుంచి ఇంకో చేతి దాక గీసిన గీత ఉన్నది చూడండి, అదే మెరుపు. తెల్ల రంగు ఇంకా తాజాగ ఉన్నది, ఎందుకంటే 1960లల్ల నయోంబొల్మి అనే చిత్రకారుడు మళ్లీ గీసిండు. పురాతనం అంటే ముట్టుకోకుండ అద్దంల పెట్టుడు కాదు వీళ్లకు.

ఇక్కడి నుంచి 3 కిలోమీటర్ల దూరంల కూంగారా. అక్కడ కూడా యురేనియం, దాదాపు 14,000 టన్నులు అని అంచనా, ఒక ఫ్రెంచ్ కంపెనీ చేతిల ఉండే. ఆ జాగకు పెద్ద ఒకే ఒక్క మనిషి, జాక్ వంశం జెఫ్రీ లీ. కాకడుల రేంజర్‌గా పని చేసే మనిషి. ఊ అంటే కోట్లకు పడగెత్తేటోడు, అనలే. 2011ల పారిస్‌ల యునెస్కో మీటింగ్ దాక పోయిండు, కంపెనీ ఈ అంశం ఎజెండాలకెళ్లి తీసేయమని అడిగినా కూంగారాను వరల్డ్ హెరిటేజ్‌ల కలిపిండ్రు, 2013ల నేషనల్ పార్క్‌ల కూడా కలిసింది. రెండు గుట్టల మధ్యల ఒకే చట్టం, రేంజర్ గని కాడ ఊరంతా వద్దన్నా చెల్లలే, ఇక్కడ ఒక్కడు వద్దంటే చెల్లింది. తేడా ఎక్కడున్నది అంటే మనిషిల లేదు, సెక్షన్‌ల ఉన్నది.

రాత్రి ప్రవీణ్ డార్విన్ దోస్తులతోని వీడియో కాల్ పెట్టుకొని పటాకులు చూసిండు.

జులై 2, బుధవారం – కూయిండా

తెల్లవారకముందు యెల్లో వాటర్ అనే చెరువుల పడవ టూర్. తామరాకుల మీద పొడుగు వేళ్ల పిట్టలు నడుచుకుంట పోతున్నయి, మొసలి పడవకు రెండడుగుల దూరంల, శిరీష నా చెయ్యి గిచ్చి గిచ్చి గుర్తులు పెట్టింది. టిఫిన్ పడవ టికెట్‌లనే, బఫే, గుడ్లు, బీన్స్, పుచ్చకాయ. మధ్యాహ్నం బఫెలో బర్గర్ 29 డాలర్లు, మాంసం గట్టిగ, బాగనే ఉన్నది.

వరాజన్ కల్చరల్ సెంటర్ బయట నీడల ఒక పెద్దామె కూసోని మొగలి లాంటి ఆకును నిలువుగ చీరుతున్నది. బొటనవేలి గోరుతోని ముల్లు వైపు తీసేసి, సన్నటి పోగు లాగి, పసుపు రంగు వేరుతోని ఉడకబెట్టిన పోగుల పక్కన పెడుతున్నది. మేం పోయి కూసున్నం. ఆమె మొఖంలకు చూడలే, మాట్లాడలే. ముందు రోజు రేంజర్ చెప్పి ఉండె, తొందరపడొద్దు, కండ్లల్లకు సూటిగ చూడొద్దు, ఫోటో అడగకుండ తియ్యొద్దు, చనిపోయినోళ్ల పేరు ఎత్తొద్దు. చాలాసేపటికి ఆమే అడిగింది, మీ జాగ ఎక్కడ అని. నల్లమల గురించి చెప్పిన, పులులు, కృష్ణా నది, చెంచులు, యురేనియం. యురేనియం అనంగనే చెయ్యి ఆగింది. "మీ పెద్దోళ్లు ఏమన్నరు?" వద్దన్నరు అన్న. తల ఊపి మళ్లీ ఆకు చీరుకున్నది. చిన్న బుట్ట 120 డాలర్లు, కొన్నం, శిరీష బేరం ఆడలేదు, అది కూడా రికార్డే.

పార్క్ నడిచే పద్ధతి అక్కడి బోర్డుల చదివిన. జాగ పట్టా ఆదివాసీలది, వాళ్లు దాన్ని నేషనల్ పార్క్స్ డైరెక్టర్‌కు లీజుకు ఇస్తరు, కిరాయి, టికెట్ల పైసలల్ల వాటా వస్తది. నడిపే బోర్డుల 15 మందిల 10 మంది ఆదివాసీలు. 2022 మార్చిల ఇంకో దాదాపు సగం పార్క్ పట్టా వాపస్ ఇచ్చిండ్రు. మన దగ్గర పులుల అభయారణ్యం అంటే చెంచు పెంటలను, అంటే వాళ్ల గూడేలను, ఎట్ల బయటికి పంపాలె అన్న ముచ్చటే ముందు వస్తది. ఆదివాసీ జాగలను ప్రైవేట్ గనులకు ఇయ్యొద్దన్న 1997 సమతా తీర్పు, ఆదివాసీ గ్రామసభలకు అధికారమిచ్చిన పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం, కాగితాల మీద మనకు తక్కువేం లేదు. 2013ల ఒడిశా నియమగిరిల 12 గ్రామసభలు వద్దంటే బాక్సైట్ గని ఆగింది కూడా. కానీ అడవి ఆఫీసుల బోర్డు మీటింగ్‌ల మూడింట రెండు కుర్చీలు చెంచులవి అని ఊహించుకోండి, నాకైతే నవ్వొచ్చింది, తర్వాత నవ్వు రాలే.

జులై 3, గురువారం – పైన్ క్రీక్ మీంచి డార్విన్

దక్షిణం దిక్కు పోతే జావొయిన్ వాళ్ల జాగ. గన్లోమ్ జలపాతం మలుపు దగ్గర ప్రవీణ్ కారు ఆపిండు, మట్టి రోడ్డు, అద్దె కారుకు ఇన్సూరెన్స్ లేదు, పోలే. దీని కథ నిన్నటి బోర్డు ముచ్చటకు జవాబు లాంటిది. 2019ల ఇక్కడ పార్క్ వాళ్లే నడకదారి వేసిండ్రు, అది జావొయిన్ పవిత్ర స్థలం పక్కనుంచి పోయింది, సరైన అనుమతి సర్టిఫికెట్ లేదు. పవిత్ర స్థలాల అథారిటీ కేసు పెట్టింది. కేంద్ర సంస్థను టెరిటరీ చట్టం కింద శిక్షించొచ్చా అన్న ప్రశ్న హైకోర్ట్ దాక పోయింది, ఇక్కడ హైకోర్ట్ అంటే మన సుప్రీంకోర్ట్ లెక్క, 2024 మేల శిక్షించొచ్చు అని తీర్పు. బోర్డుల పది కుర్చీలున్నా దారి పడ్డది, అది నిజం. దాని మీద కేసు నిలబడ్డది, అదీ నిజం.

ఇటు పక్కనే గురత్బా అనే గుట్ట, ఇంగ్లీషుల కొరొనేషన్ హిల్. బంగారం, ప్లాటినం. జావొయిన్ పెద్దలు అక్కడ బులా అనే దేవుడు పండుకున్నడు, కదిలిస్తే రోగాలొస్తయి అన్నరు. 1991ల ప్రధాని బాబ్ హాక్ తన కేబినెట్‌ల చాలా మంది వద్దంటున్నా గని ఆపేసిండు. ఆ ఏడు డిసెంబర్‌లనే కుర్చీ పోయింది, ఇదొక్కటే కారణం అనను గాని పార్టీల కోపం పెరిగింది మాత్రం దీంతోని కూడా.

డార్విన్‌ల గురువారం మిండిల్ బీచ్ మార్కెట్. రోటీ ర్యాప్, మామిడి స్మూతీ, మొసలి మాంసం పుల్లలు 12 డాలర్లు, ప్రవీణ్ తిన్నడు, కోడి, చేప కలిపినట్టు ఉన్నది అన్నడు. ఎదురుంగ సముద్రం, అటు ఉత్తరాన తీవీ దీవులు. ఆ సముద్రంల బరోసా గ్యాస్ ప్రాజెక్ట్ మీద ప్రవీణ్‌తోని వాదన అయింది, అతని పేషెంట్ల పిల్లలు గ్యాస్ ప్లాంట్‌ల చేస్తరు. తీవీ పెద్దమనిషి డెనిస్ తిపకలిప్ప మమ్మల్ని అడగలేదని 2022ల కేసు వేసిండు, ఫెడరల్ కోర్ట్ జడ్జి దీవి మీదకే పోయి బీచ్‌ల పాటలు, డాన్సులు సాక్ష్యంగ చూసిండు, డ్రిల్లింగ్ పర్మిషన్ రద్దు చేసిండు. అప్పీల్‌ల కూడా వీళ్లే గెలిచిండ్రు. తర్వాత కంపెనీ పోయి అడిగింది, మీటింగులు పెట్టింది, కొత్త పర్మిషన్ తెచ్చుకున్నది, పైప్‌లైన్ మీద వేసిన ఇంకో కేసు 2024 జనవరిల ఓడిపోయిండ్రు.

"అడగలేదన్నరు, అడిగిండ్రు, ఇంకేం బావా?" అన్నడు ప్రవీణ్.

"సముద్రం మీద వాళ్లకు వద్దనే హక్కు లేదురా, అడిగించుకునే హక్కే ఉన్నది. అడిగినోడు జవాబు వినాల్సిన పని లేకపోతే అది పెండ్లిపత్రిక పంచినట్టే, వచ్చినా రాకున్నా ముహూర్తం ఆగదు."

"మరి కూంగారాల ఆగింది కదా."

"అది జమీన్. 1976 చట్టం జమీన్‌కు."

వాడు ఒప్పుకోలే, శిరీష ఇద్దర్నీ ఆపి స్మూతీ బిల్లు కట్టమన్నది.

పోయేటోళ్లకు రెండు ముక్కలు: మే సగం నుంచి అక్టోబర్ లోపల పోండి, డార్విన్‌లనే బియ్యం, పప్పు, పెట్రోల్ నింపుకోండి, జబిరుల లీటర్‌కు బాగ ఎక్కువ. ఆర్నెమ్ ల్యాండ్ దాటి గన్‌బలాన్య బొమ్మల సెంటర్ చూడాలనుకుంటే పర్మిట్‌కు కనీసం రెండు వారాల ముందు పెట్టుకోండి. మేం ఆలస్యంగ పెట్టినం, అప్పుడు ఊర్ల చావు ఉండె, కర్మలు నడుస్తున్నయి, ఇప్పుడు రావొద్దని మెయిల్ వచ్చింది. వచ్చే ఏడు మళ్లీ పెడతం.